ఉదజని బండి

ఉదజని అన్న మాట ఇప్పటి పిల్లలకు తెలియదు. హైడ్రోజన్ అంటే తెలుస్తుంది. మా చిన్ననాటి సామాన్యశాస్త్ర వాచకాలలో ఉదజని, ఆమ్లజని, నత్రజని అని ముగ్గురు తోబుట్టువులు కలిసి కనిపించేవారు. వారిలో మొదటి ఇద్దరూ ఆ వాచకాలతోపాటే వెళ్ళిపోయారు. నత్రజని మాత్రం ఎరువుల దుకాణాల పుణ్యమా అని నేటికీ రైతుల నోట బతికి ఉన్నది.

ఆ మాట మీద నాకున్నది భాషాపండితుని మమకారం. ఉద అంటే నీరు. ఉదకం, ఉదధి మనకు తెలిసినవే. జని అంటే పుట్టించేది. 1766లో ఇంగ్లండులో హెన్రీ కావెండిష్ ఈ వాయువును వేరుచేసి చూపి, దానిని మండే గాలి అన్నాడు. అది మండినప్పుడు నీరు పుడుతున్నదని రూఢి అయిన తరువాత ఫ్రాన్సులో లవోయిజరూ ఆయన సహచరులూ 1787లో గ్రీకు ధాతువులతో దానికి హైడ్రోజన్ అని పేరు పెట్టారు. గ్రీకు భాషలోని హైడ్రో, మన ఉద రెండూ ఒకే తల్లివేరు నుండి వచ్చిన మాటలని భాషాశాస్త్రం చెబుతున్నది. అక్కడి జెన్, ఇక్కడి జని కూడా అంతే. కనుక ఉదజని అన్నది అనువాదం మాత్రమే కాదు, దూరపు చుట్టరికం కూడాను. ఇంతటి అదృష్టం సాంకేతిక పదాలు కల్పించేవారికి అరుదుగా పడుతుంది. మనమేమో దానిని చేజేతులా వదులుకున్నాం. అదలా ఉంచుదాం.

నేను పనిచేసిన ఉన్నత పాఠశాలలో నా తరగతి గదికీ భౌతికశాస్త్రం మాస్టారి ప్రయోగశాలకూ మధ్య ఒక్క గోడే అడ్డం. ఏటా ఒకసారి ఆ గోడ అవతల నుంచి టప్పుమని చప్పుడూ, వెంటనే పిల్లల కేరింతలూ వినిపించేవి. జింకు ముక్కల మీద ఆమ్లం పోసి, పుట్టిన వాయువును గాజు గొట్టంలో పట్టి, దాని మూతి దగ్గర మండే పుల్ల పెట్టడమన్నమాట. మా పద్యపాఠం ఆ కాసేపు ఆగిపోయేది. ఒకసారి నేనూ వెళ్ళి గుమ్మంలో నిలుచున్నాను. పిల్లలందరూ చప్పుడుకు మురిసిపోతుంటే మాస్టారు మాత్రం, "చప్పుడు సరేనర్రా, గొట్టం లోపలి గోడన చెమ్మ చూడండి, ఆ చెమ్మే పాఠం" అన్నారు. చూశాను. మంచు పట్టినట్టు సన్నని చెమ్మ. పొగ లేదు, మసి లేదు, వాసన లేదు.

ఉదజని కారు గురించిన ఉత్సాహమంతా ఆ చెమ్మలోనే ఉన్నది. ఆ కారు తోక గొట్టం నుండి వచ్చేది నీరు, నీటి ఆవిరి. అంతే.

నీటికీ నిప్పుకీ చుట్టరికం అనగానే మా బోటివాళ్ళకు బడబాగ్ని గుర్తుకు వస్తుంది. భారతం ఆదిపర్వంలో ఔర్వుని కథ ఉన్నది. తన వంశాన్ని నిర్మూలించినవారి మీది కోపంతో లోకాలనే దహించబోయిన ఆ ముని, పితృదేవతలు నచ్చజెప్పగా ఆ కోపాగ్నిని సముద్రంలో విడిచాడు. అది ఆడగుర్రపు ముఖంతో అక్కడే ఉండి నీటిని తాగుతూ ఉంటుందని ప్రతీతి. ఈ కథ చెప్పగానే, చూశారా, ఉదజని సంగతి మనవాళ్ళకు అప్పుడే తెలుసును అనేవారు బయలుదేరుతారు. నేనా జట్టులో లేను. కవి కల్పన కల్పనగానే గొప్పది, దానికి రసాయనశాస్త్రం చేత యోగ్యతాపత్రం ఇప్పించనక్కరలేదు. పైగా శాస్త్రం చెప్పేది ఆ కథకు తలకిందులుగా ఉన్నది. నీటిలో నిప్పు దాగి లేదు. నీరంటే ఇదివరకే కాలిపోయిన ఉదజని. పొయ్యిలో కట్టెకు బూడిద ఎలాగో ఉదజనికి నీరు అలాగు. కొన్నేళ్ళకొకసారి పత్రికలలో ఎవరో ఒకరు నీళ్ళతో కారు నడుపుతున్నానని ఫోటో వేయించుకుంటారే, ఆయన చెప్పేది బూడిదతో వంట చేస్తున్నానని. బూడిదను మళ్ళీ కట్టెగా మార్చవచ్చు, సందేహం లేదు. కాని అందుకు కట్టె ఇచ్చిన వేడికన్నా ఎక్కువే ఖర్చు పెట్టాలి.

ఈ సంగతులన్నీ ఇప్పుడెందుకు తవ్వుకున్నానంటే, మా అల్లుడుగారి వలన. ఆయన దగ్గర పదకొండేళ్ళ నాటి డీజిలు కారు ఒకటి ఉన్నది. మార్చవలసిన సమయం వచ్చింది. మొన్న ఉగాదికి వచ్చినప్పుడు, "బ్యాటరీ కారు తీసుకుందామనుకున్నాను మామయ్యగారూ, కాని హైడ్రోజన్ కార్లు వస్తున్నాయట కదా, మరో నాలుగేళ్ళు దీనితోనే నెట్టుకొస్తే ఏకంగా అదే కొనుక్కోవచ్చు" అన్నారు. తప్పు పట్టవలసిన మాట కాదు. 2022 మార్చి 30న కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ టయోటా మిరాయ్ అనే ఉదజని కారులో పార్లమెంటుకు వచ్చిన దృశ్యాన్ని దేశమంతా చూసింది. మిరాయ్ అంటే జపాను భాషలో భవిష్యత్తు అని అర్థం. పేరే ఆ మాట అంటుంటే నాలుగేళ్ళు ఆగుదామనిపించడంలో వింత లేదు.

నాకు పట్టుకున్నది ఆ నాలుగేళ్ళే. మా ఇల్లు జాతీయ రహదారికి నూరు గజాల దూరంలో ఉంది. కట్టినప్పుడు ఊరికి దూరమనుకున్నాం. ఇప్పుడు రహదారే మా ఇంటికి దగ్గరైంది. మా ఆవిడకు ఉబ్బసం. సాయంత్రం పూట మేడ మీదికి వెళ్ళడం మానేసి మూడేళ్ళయింది. మందు పీల్చే గొట్టం పక్కన లేనిదే నిద్రపోదు. నాలుగేళ్ళంటే అల్లుడుగారికి ఒక కారు నుండి మరొక కారుకు మధ్య విరామం. ఆమెకు నాలుగు శీతాకాలాలు. కనుక ఆ ఆగడం సబబేనా అని నాకు నేనుగా తేల్చుకోవాలనిపించింది. పదవీవిరమణ చేసిన పంతులుకు తీరికకు కరవా! చదివి, కాగితం మీద లెక్కలు వేసుకున్నాను.

ముందు ఆ కారు గుణగణాలు. అందులో మంట ఉండదు. ఫ్యూయల్ సెల్ అనేది ఉంటుంది. తెలుగు పాఠ్యపుస్తకాల భాషలో ఇంధన ఘటం. దాని మూలసూత్రాన్ని 1839లోనే విలియం గ్రోవ్ చూపించాడు. ఒకవైపు నుండి ఉదజనిని పంపుతారు. ప్లాటినం పూత దగ్గర దాని పరమాణువులలోని ఎలక్ట్రాన్లు విడిపోతాయి. మిగిలిన ప్రోటాన్లు సన్నని పొరను దాటి అవతలికి పోగలవు, ఎలక్ట్రాన్లు పోలేవు. అవి తీగ వెంట చుట్టూ తిరిగి రావలసిందే. ఆ తిరిగి రావడమే విద్యుత్తు, దానితోనే మోటారు తిరుగుతుంది. అవతలి వైపు గాలిలోని ఆమ్లజనితో అన్నీ కలిసి నీరవుతాయి. చంద్రుని మీదికి వెళ్ళిన అపోలో నౌకలలో కరెంటు ఇచ్చినవి ఇవే. అందులో పుట్టిన నీటినే వ్యోమగాములు తాగారు. నింపడానికి అయిదు నిమిషాలు చాలు. రెండవ తరం మిరాయ్ 5.6 కిలోల ఉదజనితో 600 కిలోమీటర్లకు పైగా పోగలదు. ఇవి చిన్న గుణాలు కావు.

ఇంతకీ ఆ ఉదజని ఎక్కడిది? అసలు ప్రశ్న ఇదే. దీనిని అడగకుండా తోక గొట్టం దగ్గర నిలబడి మురిసిపోవడం, ఆ ప్రయోగశాలలో చప్పుడుకు మురిసిపోవడం వంటిదే.

పెట్రోలు భూమిలో ఉంటుంది, తోడుకుంటాం. ఉదజని మనకు కావలసినంతగా విడిగా దొరకదు. నీటిలో ఆమ్లజనితోనూ, సహజవాయువులో కర్బనంతోనూ పెనవేసుకొని ఉంటుంది. విడదీయడానికి బయటి నుండి శక్తి పెట్టాలి. పెట్టిన శక్తిలో కొంత భాగాన్ని అది దాచిపెట్టుకొని, తరువాత తిరిగి ఇస్తుంది. అంటే పెట్రోలు బావి వంటిది, ఉదజని కడవ వంటిది. కడవ ఎంత శుభ్రంగా తోమినా అందులోని నీరు ఏ బావిదో ఆ బావి నీరే. ఘటం అన్న మాటకు కుండ అని అర్థం ఉండనే ఉన్నది, మన పాఠ్యపుస్తకాల వారు తెలిసి పెట్టినా తెలియక పెట్టినా పేరు బాగా అతికింది.

నేడు ప్రపంచంలో ఏటా పుట్టించే ఉదజని సుమారు పది కోట్ల టన్నులు. దాదాపు అంతా సహజవాయువు నుండీ బొగ్గు నుండీ తీసేదే. సౌరవిద్యుత్తుతోనూ గాలిమరల విద్యుత్తుతోనూ నీటిని విడగొట్టి తీసేది నూటికి ఒక పాలు కూడా లేదు. ఈ తేడాలు తెలియడానికి మొదటిదానిని బూడిదరంగు ఉదజని అనీ, రెండవదానిని హరిత ఉదజని అనీ పిలుస్తున్నారు. రంగే లేని వాయువుకు రంగుల పేర్లు!

ఇక లెక్క. పిల్లలకు చెప్పినట్టే చెబుతాను. 100 కిలోమీటర్ల ప్రయాణం తీసుకుందాం.

మామూలు పెట్రోలు కారుకు ఆరు లీటర్లు పడుతుందనుకోండి. ఒక లీటరు కాలితే 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. మొత్తం సుమారు 14 కిలోలు.

ఉదజని కారుకు అదే దూరానికి సుమారు ఒక కిలో ఉదజని కావాలి. దానిని సహజవాయువు నుండి తీస్తే కర్మాగారం దగ్గర 10 కిలోల వరకు బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. రోడ్డు మీద సున్నా, కర్మాగారం గొట్టంలో పది. పెట్రోలుకన్నా కొంత మేలే. అయితే ఆ వాయువును పిండి, మోసుకువచ్చే ఖర్చు ఇందులో కలపలేదు.

అదే కిలోను కరెంటుతో నీటిని విడగొట్టి తీస్తే తక్కువలో తక్కువ 50 యూనిట్లు కావాలి. మన దేశంలో తీగలలో వచ్చే కరెంటులో ఎక్కువ భాగం నేటికీ బొగ్గుదే. అన్ని రకాల ఉత్పత్తీ కలిపి సగటు చూస్తే యూనిటుకు సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు పడుతుంది. యాభైని 0.7తో గుణించండి. 35 కిలోలు. పెట్రోలు కారుకు రెండున్నర రెట్లు! తోక గొట్టం నుండి మాత్రం అదే స్వచ్ఛమైన నీటిచుక్క. ఈ లెక్క దగ్గర నేను కలం కింద పెట్టి కాసేపు ఊరుకున్నాను. మళ్ళీ వేశాను. అంతే వచ్చింది.

బ్యాటరీ కారుకు 100 కిలోమీటర్లకు సుమారు 16 యూనిట్లు. అదే బొగ్గు కరెంటుతో నింపినా 11 కిలోలు. అంటే మన మసి కరెంటుతో కూడా అది పెట్రోలు కారు కిందే ఉంటుంది. కరెంటు శుభ్రపడిన కొద్దీ ఇంకా దిగుతుంది.

మరి హరిత ఉదజని అయితేనో? అప్పుడు మసి మాట లేదు, నిజమే. కాని సౌరఫలకాల నుండి వచ్చిన ఆ 50 యూనిట్లను తిన్నగా బ్యాటరీలో పోస్తే కారు 300 కిలోమీటర్లు పోతుంది. వాటితో ఉదజని చేసి, పిండి, మోసి, మళ్ళీ కరెంటుగా మార్చి నడిపితే 100 కిలోమీటర్లు. మూడు కడవలు తోడి రెండు కడవలు దారిలో ఒలకబోసుకోవడమన్నమాట. బొగ్గు కరెంటు స్థానంలో సౌరవిద్యుత్తు ఇంకా చాలని దేశంలో ఆ రెండు కడవలకు ఖరీదు ఉన్నది. అవి మరెక్కడో ఒక బొగ్గు పొయ్యిని ఆర్పగలిగినవి.

మోయడం అన్నాను కనుక అదీ చూడండి. మామూలు స్థితిలో ఒక కిలో ఉదజని 11,000 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. మా మేడ మీది నల్ల ట్యాంకు వెయ్యి లీటర్లది. అటువంటివి పదకొండు. అందుకని కారులో 700 వాతావరణాల పీడనంతో, కర్బన నారతో చుట్టిన తొట్లలో పిండి పెడతారు. మన కారు టైరులో ఉండేది రెండు వాతావరణాలు చిల్లర. ద్రవంగా మార్చుదామా అంటే సున్నాకు 253 డిగ్రీల కిందికి చల్లబరచాలి. ఇక భయం సంగతి. 1937 మే 6న అమెరికాలో హిండెన్‌బర్గ్ అనే గాలినౌక మండిపోయి 36 మంది మరణించినప్పటి నుండి ఉదజని పేరు చెడింది. 2019 జూన్‌లో నార్వేలో ఉదజని నింపే కేంద్రమొకటి పేలింది. అయినా ఈ భయాన్ని నేను అంతగా పట్టించుకోను. పెట్రోలు నేల మీద పరుచుకొని మండుతుంది, ఉదజని తేలికది, ఆరుబయట లేచిపోతుంది. జాగ్రత్తలు నేర్చుకోవచ్చు. నేర్చుకోలేనిది ఆ మూడు కడవల లెక్క.

ఈ మాటలు నా కాగితం మీదివే అయితే కొట్టిపారేయవచ్చు. ప్రపంచం ఒక ప్రయోగం చేసి చూసింది. 2014 డిసెంబరులో జపానులో మిరాయ్ అమ్మకానికి వచ్చింది. కాలిఫోర్నియా ప్రభుత్వం ఉదజని కేంద్రాల కోసం ధారాళంగా డబ్బు పోసింది. కాని కార్లు లేక కేంద్రాలు పెరగలేదు, కేంద్రాలు లేక కార్లు పెరగలేదు. హోండా వారు క్లారిటీ ఉదజని కారును 2021లో ఆపేశారు. షెల్ సంస్థ కాలిఫోర్నియాలో కార్లకు ఉదజని నింపే తన కేంద్రాలన్నింటినీ 2024లో శాశ్వతంగా మూసివేసింది. ఆ 2024లోనే ప్రపంచం మొత్తం మీద తీగ తగిలించి నింపుకొనే కార్లు కోటీ డెబ్బై లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. ఉదజని కార్ల లెక్క వేలల్లోనే నిలిచిపోయింది. 2025 జులైలో స్టెలాంటిస్ సంస్థ తన ఉదజని వాహనాల పథకాన్నే విరమించుకున్నది. మన దేశంలో సామాన్యుడు అంగడికి వెళ్ళి కొనుక్కోగల ఉదజని కారు ఒక్కటీ లేదు.

ఇంత చెప్పినందుకు ఉదజనికి నన్ను శత్రువుగా ఎంచకండి. దాని అసలు చోటు వేరే ఉన్నదంటాను. ఆ మొదటి తోబుట్టువుల మాట జ్ఞాపకం చేసుకోండి. ఉదజని, నత్రజని కలిస్తే అమ్మోనియా. 1909లో ఫ్రిట్జ్ హేబర్ ఆ కలయికను ప్రయోగశాలలో సాధించాడు, 1913లో జర్మనీలో అది కర్మాగారానికెక్కింది. అమ్మోనియా నుండి యూరియా. గోదావరి, కృష్ణా డెల్టాలలో వరిచేలకు చల్లే ప్రతి బస్తా వెనుకా సహజవాయువు నుండి తీసిన ఉదజని ఉన్నది. అక్కడ బ్యాటరీ పనికిరాదు, ఉదజనే కావాలి. ఇనుప ఖనిజం నుండి ఇనుము తీయడానికి బొగ్గుకు బదులు ఉదజనిని వాడి స్వీడన్ వారు 2021లో ఉక్కు చేసి చూపించారు. బొగ్గు కొలుములతో నడిచే మన విశాఖ ఉక్కుకు అది దూరపు ఆశ. ఓడలున్నాయి. చాలా దూరాలు పోయే బరువు లారీల సంగతి ఇంకా తేలలేదు. దేశం 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో జాతీయ హరిత ఉదజని మిషన్‌ను ఆమోదించింది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నులు లక్ష్యం. అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర ఎన్‌టీపీసీ వారి హరిత ఉదజని కేంద్రానికి 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. రోజుకు 1,500 టన్నుల ఉదజని అక్కడి లక్ష్యం. అది పూర్తి అయితే ఎరువులకూ, ఓడలకూ, విమానాలకూ ఇంధనం వైపు పోవాలని నా కోరిక. కార్లలో పోస్తే ఆ కడవలు వృథా.

ఈ కాగితం అల్లుడుగారికి చూపించాను. ఆయన ఇంజనీరు. నేను పండితుణ్ణి. మొదట నవ్వారు. తరువాత 0.7 సంఖ్య దగ్గర వేలు పెట్టి, సెల్‌ఫోనులో ఏదో చూసి, తల ఊపారు. మా అమ్మాయి మాత్రం, "లెక్క సరే నాన్నా, మా అపార్టుమెంటు సెల్లారులో ఛార్జింగుకు మీటరు పెట్టనిస్తారా? పోయినేడు ఎవరో అడిగితే సంఘం వాళ్ళు అగ్నిప్రమాదమన్నారు" అన్నది. ఉదజని వస్తుందా రాదా అని మేం రెండు గంటలు వాదించుకున్నామే గాని, ఈ చిన్న ప్రశ్న మా ఇద్దరికీ తట్టలేదు. సంఘం వారి సమావేశం వచ్చే ఆదివారమట. అర్జీ నన్నే రాసిపెట్టమన్నారు. కాగితానికి ఒకవైపు చాలింది. మీటరు ఖర్చు తామే భరిస్తామనీ, తీగలు వేయడం లైసెన్సున్న వారి చేతనే చేయిస్తామనీ, మంటలార్పే సిలిండరు ఒకటి పక్కన పెడతామనీ రాశాను.